కింది అంతస్తు తర్వాత కట్టిన ఇల్లు

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని మా బ్రన్స్‌విక్‌లో మెయిన్ వీధి, పాటర్ వీధి కలిసే మూల మీద ఒక పాత చెక్క ఇల్లు ఉంది. నంబరు 226. దాని పై భాగం 1820లలో కట్టిన చిన్న ఇల్లు. కింది భాగం 1871 నాటిది. మన ఊళ్లలో చోటు చాలకపోతే డాబా మీద ఇంకో అంతస్తు వేస్తారు. ఈ ఇంటాయన ఉన్న ఇంటిని నేల మీంచి పైకెత్తించి, దాని కింద కొత్త అంతస్తు కట్టించారు. అంతకు నాలుగేళ్ల ముందే ఆ ఇంటిని పాటర్ వీధిలోంచి ఈ మూలకు జరిపించారు కూడా. పొగగొట్టం మీద ఎర్రటి మాల్టీస్ శిలువ కనిపిస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో ఆయన పనిచేసిన ఐదో కోర్ అనే సైనిక విభాగపు గుర్తు అది.

ఆ ఇంటాయన జాషువా లారెన్స్ చాంబర్లేన్. ప్రొఫెసర్, సైనికుడు, మెయిన్ రాష్ట్ర గవర్నర్, కాలేజీ ప్రెసిడెంట్, రచయిత. ఊరికి వచ్చే యాత్రికుల్లో ఎక్కువమంది అడిగేది మాత్రం ఒకే ఒక్క సాయంత్రం గురించి. 1863 జూలై 2న, గెటిస్‌బర్గ్‌లో లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీద ఆయన ఏం చేశారన్నదే వాళ్లకు కావాలి. ఆ సాయంత్రం గొప్పదే, కాదనను. కానీ ఆ తర్వాత ఆయన యాభై ఏళ్లు బతికారు. అందులో ఎక్కువ భాగం మా ఊళ్లోనే బతికారు. ఆ యాభై ఏళ్ల లెక్క తీయకుండా ఆయన్ని మా ఊరివాడని చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు.

బ్రన్స్‌విక్ ఆండ్రోస్కాగిన్ నది జలపాతాల పక్కన పెరిగిన ఊరు. ఒకవైపు 1794లో ఏర్పడ్డ బోడిన్ కాలేజీ, ఇంకోవైపు మిల్లులు. 1809 నాటికే ఇక్కడ పత్తి మిల్లు వెలిసింది. తర్వాతి కాలంలో క్యాబట్ మిల్లులో పనిచేయడానికి కెనడా నుంచి ఫ్రెంచి మాట్లాడే కుటుంబాలు వచ్చి నది ఒడ్డున స్థిరపడ్డాయి. న్యూ ఇంగ్లండు మిల్లుల్లో ఆడిన పత్తి దక్షిణాది బానిసలు పండించినదే. కాబట్టి బానిసత్వం ఎక్కడో దూరాన ఉన్న పాపమని ఉత్తరాది ఊళ్లు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. యుద్ధం మూలంగా ఆ పత్తి ఓడలు ఆగిపోయినప్పుడు ఇంగ్లండు మిల్లులు భారతదేశం వైపు తిరిగాయి. మన కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతి ఊపందుకున్నదీ అప్పుడే.

చాంబర్లేన్ పుట్టింది ఈ ఊళ్లో కాదు. ఇంకా ఉత్తరాన బ్రూవర్‌లో, 1828 సెప్టెంబర్ 8న. చదువు కోసం బోడిన్‌కు వచ్చారు. చిన్నప్పటి నుంచీ ఆయనకు నత్తి. ప, బ, ట లాంటి అక్షరాల దగ్గర మాట ఆగిపోయేది. ఆ అక్షరం రాబోతోందని ముందే కనిపెట్టి, వాక్యాన్ని ఒక లయలో పెట్టి పాడినట్టు దాటడం సాధన చేశారు. అలాంటి మనిషి తర్వాత అదే కాలేజీలో వక్తృత్వం నేర్పే ప్రొఫెసరయ్యారు. ఆయన పెద్దయ్యాక రాసిన పొడుగాటి, ఊగే వాక్యాలు చదివినప్పుడల్లా నాకు ఆ సాధనే గుర్తొస్తుంది.

విద్యార్థిగా ఉండగానే ఆయన ఫెడరల్ వీధిలోని ఒక ఇంటికి శనివారం సాయంత్రాలు వెళ్లేవారు. ఆ ఇంటి ఇల్లాలు హారియట్ బీచర్ స్టోవ్. భర్త కాలేజీలో పాఠాలు చెబుతుంటే ఆమె 'అంకుల్ టామ్స్ కేబిన్' రాస్తూ, అయిన అధ్యాయాలను ఇంటికొచ్చిన వాళ్లకు చదివి వినిపించేవారు. ఆ నవలలోని ఒక ముఖ్యమైన సన్నివేశం ఆమెకు మా ఫస్ట్ పారిష్ చర్చిలో కూర్చుని ఉండగా తట్టిందని చెబుతారు. అదే చర్చిలో, అక్కడి పాస్టర్ పెంచుకున్న కూతురు ఫ్యానీని చాంబర్లేన్ 1855 డిసెంబర్ 7న పెళ్లి చేసుకున్నారు.

1862లో యూరప్ వెళ్లి భాషలు చదువుకోవడానికి కాలేజీ ఆయనకు రెండేళ్ల సెలవు ఇచ్చింది. ఆయన యూరప్ వెళ్లలేదు. నేరుగా గవర్నర్ దగ్గరికి వెళ్లి సైన్యంలో చేరతానన్నారు. కర్నల్ పదవి ఇస్తామంటే, ముందు పని నేర్చుకోవాలని ఒక మెట్టు కిందనే చేరారు. ఇరవయ్యో మెయిన్ రెజిమెంట్‌లో లెఫ్టినెంట్ కర్నల్ అయ్యారు.

గెటిస్‌బర్గ్ కథ క్లుప్తంగా చెబుతాను. అప్పటికి రెజిమెంట్ ఆయన చేతికి వచ్చింది. ఉత్తరాది సైన్యపు వరసలో ఎడమ కొస ఆ రెజిమెంటే. అది విరిగితే వెనక నుంచి శత్రువు చుట్టేస్తాడు. సుమారు 385 మంది, మనిషికి 60 తూటాలు. విలియం ఓట్స్ నాయకత్వంలో పదిహేనో అలబామా దళం మళ్లీ మళ్లీ గుట్ట ఎక్కింది. తూటాలు అయిపోయాయి. బాయ్‌నెట్లు బిగించి కిందికి దూకారు, కొస నిలిచింది. 1893లో ఇందుకే ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది.

ఆయన జీవితాన్ని ఎక్కువగా మార్చింది మాత్రం ఆ గుట్ట కాదు, 1864 జూన్ 18న పీటర్స్‌బర్గ్‌లో తగిలిన తూటా. అది కుడి తుంటిలోంచి దూసుకుపోయి లోపల మూత్రాశయాన్ని గాయపరిచింది. కత్తిని నేలలో గుచ్చి, దానిమీద ఆనుకుని, తన మనుషులు ముందుకు సాగిపోయేదాకా నిలబడ్డారు. బతకరని డాక్టర్లన్నారు. ఉత్తరాది సేనాధిపతి గ్రాంట్ ఆయనకు యుద్ధరంగంలోనే బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు. చనిపోయారని పత్రికల్లో వార్త పడింది. ఆయన ఆ ఏడాది నవంబర్‌కల్లా మళ్లీ దళంలో ఉన్నారు. 1865 ఏప్రిల్ 12న ఆపమాటక్స్‌లో దక్షిణాది సైన్యం ఆయుధాలు అప్పగించడానికి వరసగా వస్తుంటే, ఓడిన వాళ్లకు సైనిక వందనం చేయమని తన దళాన్ని ఆజ్ఞాపించారు. ఎదుటి జనరల్ గోర్డన్ అలాగే ప్రతివందనం చేశారు. పీటర్స్‌బర్గ్ గాయం మాత్రం ఎప్పటికీ మానలేదు. గవర్నర్‌గా, కాలేజీ ప్రెసిడెంట్‌గా, పుస్తకాలు రాసే ముసలితనంలో ఆయన ఏం చేసినా ఆ నొప్పితోనే చేశారు.

అమెరికాలో రాష్ట్ర గవర్నర్ అంటే ఢిల్లీ పంపే మనిషి కాదు. జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. మన లెక్కన ముఖ్యమంత్రి. ఆ రోజుల్లో మెయిన్ గవర్నర్ పదవీకాలం ఒక్క ఏడాదే. 1866 సెప్టెంబర్‌లో రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడిన చాంబర్లేన్‌కు అప్పటిదాకా ఆ రాష్ట్రంలో ఎవరికీ రానంత మెజారిటీ వచ్చింది. 1867 జనవరి నుంచి 1871 జనవరి దాకా వరసగా నాలుగుసార్లు ఆ కుర్చీలో కూర్చున్నారు.

అప్పటి మెయిన్ సమస్య వింటే మన పల్లెల వాళ్లకు పరాయిగా అనిపించదు. యుద్ధంలో కుర్రాళ్లు పోయారు. మిగిలిన వాళ్లు మంచి నేల వెతుక్కుంటూ పడమటికి వలస పోతున్నారు. 1860కీ 1870కీ మధ్య రాష్ట్ర జనాభా పెరగకపోగా కొంత తగ్గింది. చాంబర్లేన్ రెండు దారులు పట్టుకున్నారు. ఒకటి చదువు: ఒరోనోలో వ్యవసాయ, యంత్రవిద్యల కాలేజీ ఆయన హయాంలోనే 1868లో 12 మంది విద్యార్థులతో తెరుచుకుంది. అదే నేటి యూనివర్సిటీ ఆఫ్ మెయిన్. రెండోది కొత్త మనుషులు: స్వీడన్ నుంచి రైతు కుటుంబాలను పిలిపించి రాష్ట్రపు ఉత్తర అడవుల్లో భూమి ఇచ్చే పథకం. డబ్ల్యూ. డబ్ల్యూ. థామస్ వెంట 51 మంది 1870 జూలై 23న అక్కడికి చేరారు. ఆ ఊరు న్యూ స్వీడన్ పేరుతో ఈనాటికీ ఉంది. పరాయి భాష మాట్లాడే కుటుంబాలను ఒక రాష్ట్రం తానే కబురు పెట్టి పిలిపించుకున్న ఆ సంగతి, వలస వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న నాలాంటి వాళ్లకు చిన్నదిగా కనిపించదు.

మద్యం దగ్గర ఆయన సొంత పార్టీవాళ్లకే కోపం తెప్పించారు. 1851లోనే మద్య నిషేధం తెచ్చిన రాష్ట్రం ఇది. దాన్ని అమలు చేయడానికి ప్రత్యేక పోలీసు దళం కావాలని నిషేధవాదులు పట్టుబడితే, ఇళ్లలోకి చొరబడే అధికారం అలా ఇవ్వకూడదని ఆయన అడ్డు చెప్పారు. అందులో ఆయనే సరి అని నా నమ్మకం.

క్లిఫ్టన్ హారిస్ విషయంలో ఆ మాట అనలేను. హారిస్ ఒక నల్లజాతి యువకుడు. ఆబర్న్‌లో ఇద్దరు ఆడవాళ్లను చంపాడన్న నేరానికి అతనికి మరణశిక్ష పడింది. మెయిన్‌లో అప్పటికి ఉరిశిక్షలు చట్టంలో ఉన్నా, గవర్నర్లు వాటి మీద సంతకం పెట్టకుండా కాలం గడిపేవారు. చట్టం ఉంటే అమలు చేయాలి, అక్కర్లేదంటే శాసనసభ రద్దు చేయాలి, మధ్యలో వేలాడదీయకూడదని చాంబర్లేన్ వాదన. శాసనసభ తేల్చలేదు. ఆయన సంతకం పెట్టారు. 1869లో థామస్టన్ జైలులో హారిస్‌ను ఉరితీశారు. అప్పుడే రాష్ట్రంలో పెద్ద అలజడి రేగింది. తర్కం ప్రకారం ఆయన వాదనలో తప్పు పట్టలేం. కానీ ఏళ్ల తరబడి ఎంతోమందికి దక్కిన ఆలస్యం ఈ యువకుడికి దక్కకుండా పోయింది. అన్ని మెట్ల కింద ఉన్నవాడి మీదే చట్టం తన ఖచ్చితత్వం చూపించింది. ఓడిన శత్రువుకు వందనం చేయించిన చేయి ఇక్కడ బరువుగా పడిందని చెప్పకుండా ఆయన చరిత్ర రాయకూడదు. మెయిన్ రాష్ట్రం 1876లో మరణశిక్షను ఎత్తేసింది. మధ్యలో మళ్లీ తెచ్చి, 1887లో పూర్తిగా రద్దు చేసింది.

ఆ నాలుగేళ్లూ ఫ్యానీ ఎక్కువగా బ్రన్స్‌విక్‌లోనే ఉండిపోయారు. రాజధాని అగస్టా ఆమెకు సరిపడలేదు. 1868లో వాళ్ల కాపురం విడిపోయే దాకా వచ్చిందని ఆయన ఉత్తరమే చెబుతోంది. విడిపోలేదు. ఇంటిని పైకెత్తి కట్టింది ఆ పదవి ముగిసిన ఏడే. పై అంతస్తులోని గదుల్లో ఒకప్పుడు కవి లాంగ్‌ఫెలో కాపురం ఉన్నారు. 1875లో ఆయన వచ్చి తన పాత గదులు చూసుకుని వెళ్లారు.

1871 నుంచి 1883 దాకా చాంబర్లేన్ బోడిన్ ప్రెసిడెంట్. సైన్సు, ఇంజనీరింగ్ కోర్సులు పెట్టారు. కాలేజీలో కవాతు కూడా పెట్టారు. 1874లో విద్యార్థులు కలిసికట్టుగా ఆ కవాతుకు రామన్నారు. అందరినీ ఇంటికి పంపి, లోబడితేనే రమ్మని ఉత్తరాలు రాశారు. దాదాపు అందరూ తిరిగొచ్చారు. కానీ కవాతు ఐచ్ఛికమైంది, కొన్నేళ్లకు పోయింది.

నా దృష్టిలో ఆయన చేసిన అత్యుత్తమమైన పని 1880 జనవరిలో అగస్టాలో జరిగింది. ముందటి ఎన్నికల ఫలితాల మీద రెండు పక్షాలూ గెలుపు మాదేనన్నాయి. ఆయుధాలు పట్టిన మనుషులు రాజధానిలో చేరారు. రాష్ట్ర మిలీషియా మేజర్ జనరల్‌గా చాంబర్లేన్‌ను పిలిచారు. పన్నెండు రోజులు ఆయనే శాంతిని కాపాడారు. మిలీషియాను వీధుల్లోకి దించలేదు. రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఏ పక్షానికీ పీఠం అప్పగించలేదు. చంపుతామని బెదిరించిన గుంపు ముందు కోటు గుండీలు విప్పి నిలబడ్డారని చెబుతారు. తీర్పు రాగానే పక్కకు తప్పుకున్నారు. కోర్టు గెలుపు ఇచ్చింది ఆయన పార్టీకే. అయినా తమవైపు మొగ్గలేదని ఆ పార్టీవాళ్లే ఆయన మీద కినుక వహించారు. సెనేట్ ఆశ అక్కడితో పోయింది. ఒక్క తూటా పేలని ఆ పన్నెండు రోజుల మీద సినిమా రాలేదు.

ఇక రచయిత సంగతి. 1876లో అమెరికా స్వాతంత్ర్య శతాబ్ది ఉత్సవాల సందర్భంగా మెయిన్ చరిత్ర మీద ఆయన చేసిన ప్రసంగం మరుసటి ఏడు పుస్తకమైంది. అసలు పుస్తకం 'ద పాసింగ్ ఆఫ్ ది ఆర్మీస్'. పీటర్స్‌బర్గ్ నుంచి ఆపమాటక్స్ దాకా ఐదో కోర్ నడిచిన చివరి దండయాత్ర కథ. ఫైవ్ ఫోర్క్స్ దగ్గర జనరల్ షెరిడన్ తమ కమాండర్ వారెన్‌ను ఉన్నపళంగా తొలగించడం అన్యాయమని ఆయన చివరిదాకా నమ్మారు. పుస్తకం నిండా ఆ వేదన ఉంది.

ఆయన రాతల్లో ఆయనే మధ్యలో నిలబడతారు. 1913లో హర్స్ట్స్ మ్యాగజైన్‌లో వచ్చిన గెటిస్‌బర్గ్ వ్యాసాన్ని సంపాదకులు తమ ఇష్టానికి మార్చారని ఆయనే బాధపడ్డారు. అదే గుట్ట మీద ఆయన పక్కన పోరాడిన ఎల్లిస్ స్పియర్, దూకమన్న ఆజ్ఞ తనకు అందనే లేదని రాశారు. ఒకప్పటి స్నేహితులు ముసలితనంలో దూరమయ్యారు. ఆపమాటక్స్ వేడుక మొత్తానికి తానే అధికారినన్న ఆయన మాటను కూడా కొందరు చరిత్రకారులు ఒప్పుకోరు. నలభై, యాభై ఏళ్ల తర్వాత రాసిన జ్ఞాపకం సాక్ష్యమే కాని తీర్పు కాదు. ఊరి అభిమానంతో స్పియర్ మాటను పక్కన పెట్టడం మాకు తగదు.

1905లో ఫ్యానీ పోయారు. చివరి రోజుల్లో ఆమెకు చూపు లేదు. చాంబర్లేన్ పోర్ట్‌లాండ్ రేవులో కస్టమ్స్ సర్వేయర్ ఉద్యోగం చేస్తూ 1914 ఫిబ్రవరి 24న, 85 ఏళ్ల వయసులో, ఆ పాత గాయం మళ్లీ చీము పట్టి కన్నుమూశారు. ఇద్దరి సమాధులూ కాలేజీకి దగ్గర్లోని పైన్ గ్రోవ్ శ్మశానంలో ఉన్నాయి. 'ద పాసింగ్ ఆఫ్ ది ఆర్మీస్' ఆయన పోయాక, 1915లో అచ్చయింది.

తర్వాత చాలాకాలం ఊరు ఆయన్ని దాదాపు మరిచిపోయింది. 1939లో మనవరాలు ఇల్లు అమ్మేశారు, గదులు విడగొట్టి అద్దెకిచ్చారు. 1983లో మా పెజెప్‌స్కాట్ హిస్టారికల్ సొసైటీ దాన్ని కొని మ్యూజియం చేసింది. మైకేల్ షారా నవల, కెన్ బర్న్స్ డాక్యుమెంటరీ, 1993 నాటి 'గెటిస్‌బర్గ్' సినిమా వచ్చాక జనం రావడం మొదలైంది. 2003లో కాలేజీ అంచున విగ్రహం వెలిసింది. ఆయన అసలు మెడల్ ఆఫ్ ఆనర్ మసాచుసెట్స్‌లో ఒక చర్చి అమ్మకంలో కొన్న పుస్తకం వెనక దొరికింది. దొరికినవారు దాన్ని 2013లో సొసైటీకి ఇచ్చేశారు.

వేసవిలో అకేడియా పార్కు చూడ్డానికి బోస్టన్ నుంచి కార్లేసుకుని వచ్చే తెలుగు కుటుంబాలు మా ఊరి మీదుగానే పోతుంటాయి. ఒక గంట ఆగండి. ఇల్లు చూడండి. గైడ్ గెటిస్‌బర్గ్ కథ చెప్పడం పూర్తయ్యాక న్యూ స్వీడన్ గురించీ, క్లిఫ్టన్ హారిస్ గురించీ, అగస్టాలో ఆ పన్నెండు రోజుల గురించీ అడగండి.