తాళం లేని పెట్టె

మన సర్వీసు రోజుల్లో కంప్యూటరు ప్రోగ్రాము అంటే తాళం వేసిన పెట్టె. లైసెన్సు రుసుము కట్టాల్సిందే. అందుకే హడూప్ చరిత్ర నన్ను ఆకర్షించింది. గూగుల్ 2003, 2004లలో ప్రచురించిన పరిశోధనా పత్రాల ఆధారంగా డగ్ కటింగ్, మైక్ కఫరెల్లా దీన్ని రూపొందించారు. పేరు కటింగ్ గారబ్బాయి ఏనుగు బొమ్మది! భారీ సమాచారాన్ని ముక్కలు చేసి, మామూలుగా మూడేసి ప్రతులు తీసి, అనేక సాధారణ యంత్రాలకు పంచుతుంది. ఒకటి చెడినా పని ఆగదు. (మన రికార్డు గదిలో ఒక్క ప్రతికే దిక్కులేదు.)

పెద్ద కంపెనీలూ దిగిరాక తప్పలేదు. 2011లో మైక్రోసాఫ్ట్ హార్టన్‌వర్క్స్‌తో చేయి కలిపింది. 2012లో ఒరాకిల్, క్లౌడెరా వారి హడూప్ నింపిన యంత్రాలు అమ్మింది. ప్రోగ్రాము ఉచితమే, బిల్లు యంత్రానికీ, సేవలకూ. అయినా నాకిదే మెరుగనిపిస్తుంది: లోపలేముందో చూడవచ్చు, నచ్చకుంటే అమ్మకందారును మార్చవచ్చు. అయితే 2019 జనవరిలో క్లౌడెరా, హార్టన్‌వర్క్స్ ఒకటైపోవడంతో ఆ వెసులుబాటు కొంత తగ్గింది.