ఎక్స్‌టెర్రా ప్రపంచ ఛాంపియన్‌షిప్

తారు రోడ్డు ఎక్కని ట్రయథ్లాన్‌లలో పేరుమోసినది. 1996లో హవాయిలోని మావి దీవిలో మొదలై, 2022లో ఇటలీలోని మోల్వెనోకు మారింది. మావిలో ఒకటిన్నర కిలోమీటరు సముద్రపు ఈత, సుమారు 30 కి.మీ. మౌంటెన్ సైకిల్, 10 కి.మీ. కొండదారి పరుగు ఉండేవి. గుట్టబాటల్లో సైకిలు తొక్కినవారికి ఆ రెండో అంకం కష్టం వేరే చెప్పనక్కర్లేదు.

మావిలో చాలా ఏళ్లు ప్రొఫెషనల్ బహుమతుల మొత్తం లక్ష డాలర్లు, స్త్రీ పురుషులకు సమానంగా. విజేతకు 20 వేలు. ఏడాది పొడవునా సాధనకు, ప్రయాణాలకు అది ఏ మూలకు?

2011, 2012, 2018 విజేత, స్కాట్లండ్‌కు చెందిన లెస్లీ ప్యాటర్సన్ ఇలాంటి సంపాదనతోనే ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ నవల సినిమా హక్కులు చేజారకుండా కాపాడుకున్నారు. 2015లో కోస్టారికా పోటీకి ముందురోజు భుజం విరిగింది. హక్కుల రుసుము గడువు ముంచుకొస్తోంది. ఒంటిచేత్తో ఈది గెలిచారు. చివరికి ఆ నవల ఆధారంగా వచ్చిన సినిమాకు 2023లో నాలుగు ఆస్కార్లు వచ్చాయి.