ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్: చదువు, ఉద్యోగం

విద్యుత్తు ఉత్పత్తి, సరఫరా, పంపిణీ, మోటార్లు, వాటి నియంత్రణ ఈ శాఖ పరిధి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో ఎక్కువగా ఎలక్ట్రానిక్స్‌తో కలిపి 'ట్రిపుల్ ఈ' పేరుతో నాలుగేళ్ల బీటెక్‌గా చెబుతారు. ప్రవేశ పరీక్షలు: ఇంటర్ ఎంపీసీవాళ్లకు ఈఏపీసెట్, డిప్లొమా చేసినవాళ్లకు నేరుగా రెండో ఏడాదిలోకి ఈసెట్. కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు దొరక్క ఇటు వచ్చేవారూ ఉంటారు. వచ్చాక లెక్కలు వదలవు: సర్క్యూట్లలో సంకీర్ణ సంఖ్యలు, కంట్రోల్ సిస్టమ్స్‌లో లాప్లాస్ పరివర్తన. గణితం గిట్టనివారికి ఈ దారి కష్టమే.

చదువయ్యాక రాష్ట్ర విద్యుత్ సంస్థలైన జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలలో అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడేదాకా ఆగాలి. ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ వంటి సంస్థలకు గేట్ స్కోరు పనికొస్తుంది. సబ్‌స్టేషన్‌లో పనంటే ట్రాన్స్‌ఫార్మర్ నూనె మట్టం, వేడి చూడటం, దానిలోకి వెళ్లే గాలిని ఆరబెట్టే బ్రీదర్‌లోని నీలం సిలికా జెల్ తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగిందేమో గమనించడం కూడా. లైన్ మీద పనికి ముందు లైన్ క్లియర్ (ఎల్‌సీ) అనుమతి తీసుకోవడం, ఎర్తింగ్ చేయడం తప్పనిసరి.

ఈ శాఖను కోరి ఎంచుకున్నవారిలో అయ్యలసోమయాజుల లలిత ప్రసిద్ధురాలు. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్తను కోల్పోయారు. ఒళ్లో నెలల పాప. వేళాపాళా లేని వైద్యవృత్తి బిడ్డ తల్లికి కుదరదనుకుని, తండ్రి పప్పు సుబ్బారావు ఆచార్యుడిగా ఉన్న మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలోనే ఎలక్ట్రికల్‌లో చేరి 1943లో పూర్తిచేశారు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ఉంటూ భాక్రా-నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పరికరాల పనిలో పాల్గొన్నారు.