మాజీ సైనికుల వైకల్య పింఛను: పాద సమస్యలు, క్లెయిములు, అప్పీళ్లు

సైనిక సేవ వల్ల వచ్చిన, లేదా సేవ కారణంగా ముదిరిన శారీరక లోపానికి కేంద్ర రక్షణ శాఖ చెల్లించే నెలవారీ మొత్తమే వైకల్య పింఛను. గాయం ఎంత తీవ్రమైనదన్న దానికంటే, అది సేవ వల్ల వచ్చిందా, మనిషితోనే వచ్చిందా అన్న దానిమీదే పాద సమస్యల క్లెయిములలో ఎక్కువ వివాదం నడుస్తుంది. కాజీపేట, హనుమకొండ, వరంగల్ ప్రాంతాల మాజీ సైనికులకు ఈ వ్యవహారంలో తగిలే ముఖ్య కేంద్రాలు సైనిక సంక్షేమ కార్యాలయం, సంబంధిత రెజిమెంటు లేదా కోర్ రికార్డ్స్ కార్యాలయం, చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్ ప్రాంతీయ బెంచి.

పాద సమస్యలు

మంచుకాటు: ఎత్తయిన మంచు ప్రాంతాల్లో కాలివేళ్లు ముందుగా తెల్లబడి, మైనంలా గట్టిపడి, స్పర్శ కోల్పోతాయి. వెచ్చబడ్డాక బొబ్బలు లేస్తాయి. కణజాలం చచ్చిపోయిన చోట వేలు నల్లబడుతుంది. ఏ భాగం బతికిందో తేలడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది కనుక వేలు తీసేయాలన్న నిర్ణయం ఆలస్యంగా జరుగుతుంది. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో భారత సైన్యం సియాచిన్‌లో నిలిచినప్పటి నుంచి ఇది సైనిక వైద్యంలో నిత్య సమస్య. గడ్డకట్టేంత చలి లేకపోయినా, తడి బూట్లలో రోజుల తరబడి ఉన్న పాదాలకు ‘ట్రెంచ్ ఫుట్’ వస్తుంది. చలికి వేళ్లు ఎర్రబడి, వాచి, దురద పెట్టడాన్ని చిల్‌బ్లెయిన్స్ అంటారు.

మార్చ్ ఫ్రాక్చర్: బరువు మోస్తూ అదేపనిగా నడవడం, పరుగెత్తడం వల్ల పాదం ముందుభాగపు ఎముకల్లో, ఎక్కువగా రెండో, మూడో వేళ్ల వెనుక ఎముకల్లో వచ్చే సన్నని పగులు. కొత్తగా చేరినవారిలో ఇది ఎక్కువ. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే నొప్పి మొదలైన రోజున సిక్ రిపోర్టులో నమోదైన మాటకు తరువాత ఎంతో విలువ ఉంటుంది.

చదునుపాదం, మడమ నొప్పి: భర్తీ వైద్య పరీక్షలో చదునుపాదం తిరస్కరణకు ఒక కారణం. అయితే మునివేళ్ల మీద నిలబడినప్పుడు పాదం వంపు తిరిగి కనిపించి, నొప్పి లేకుండా ఎగరగలిగి, పరుగెత్తగలిగితే అర్హత ఉంటుంది. ఏళ్ల తరబడి డ్రిల్లు, రూట్ మార్చ్ చేశాక వచ్చే నొప్పిని మెడికల్ బోర్డులు శరీర నిర్మాణ లోపంగా రాస్తే వివాదం అక్కడే పుడుతుంది.

మందుపాతర గాయాలు: పాదం లేదా మోకాలి కింది భాగం పోవడం. సరిహద్దు మందుపాతరలు పేలి కలిగిన గాయాలకు మామూలు వైకల్య పింఛను కాక యుద్ధ గాయ పింఛను వర్తిస్తుంది.

అర్హత

సైన్యం పింఛను నిబంధనలు (1961) లోని 173వ నిబంధన ప్రకారం వైకల్యం సేవ వల్ల కలిగినదై లేదా సేవలో ముదిరినదై, కనీసం 20 శాతం ఉండాలి. 2008లో కొత్త పింఛను నిబంధనలు వచ్చాయి. 2023 సెప్టెంబరు 21 నుంచి అమలైన అర్హతా నిబంధనలు, వైకల్యం ఉన్నా సేవలో కొనసాగినవారికి ఇచ్చే మొత్తానికి ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అని పేరు పెట్టాయి.

ఉద్యోగం విడిచేముందు రిలీజ్ మెడికల్ బోర్డు, అనారోగ్యం వల్ల మధ్యలోనే పంపేస్తే ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు సైనికుడిని పరీక్షిస్తుంది. సేవతో సంబంధం లేదని బోర్డు భావిస్తే ‘ఎన్‌ఏఎన్‌ఏ’ అని రాస్తుంది. తిరస్కరణ లేఖల్లో మాజీ సైనికులకు బాగా పరిచయమైన మాట ఇదే.

లెక్క

నూటికి నూరు శాతం వైకల్యానికి పింఛనులోని వైకల్య భాగం చివరి వేతనంలో 30 శాతం, యుద్ధ గాయంతో పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికైతే 60 శాతం. చివరి వేతనం 40,000 రూపాయలైతే 20 శాతం వైకల్యానికి 2,400 వస్తుంది. 2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు తెచ్చిన ‘బ్రాడ్ బ్యాండింగ్’ ప్రకారం 50కి లోపు శాతాన్ని 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపైన 100గా లెక్కిస్తారు. అప్పుడు అదే వ్యక్తికి 6,000 వస్తుంది. మధ్యలో పంపేసినవారికే పరిమితమైన ఈ సౌలభ్యాన్ని పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికీ వర్తింపజేస్తూ 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

సైనిక మెడికల్ బోర్డు అదే వయసు ఆరోగ్యవంతుడితో పోల్చి శాతం నిర్ణయిస్తుంది. సంపాదన శక్తిని లెక్కలోకి తీసుకోదు. రైల్వే కార్మికులకు 2025 నవంబరు వరకు వర్తించిన 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఇందుకు భిన్నంగా ఉండేది. ఆ చట్టం షెడ్యూలులో ఒక పాదం వేళ్లన్నీ మొదళ్ల దగ్గర పోతే 20 శాతం, బొటనవేలు ఒక్కటే మొదలంటా పోతే 14 శాతం సంపాదన నష్టంగా ఉండేది. సైన్యం నుంచి వచ్చి కాజీపేటలో రైల్వే కొలువు చేస్తున్న వ్యక్తికి డ్యూటీలో కొత్తగా పాదం దెబ్బతింటే పాత సైనిక క్లెయిముతో కలపకుండా ఈ చట్టం కిందే చూసేవారు.

అప్పీలు దశలు

తిరస్కరణ లేఖ అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు, అదీ ఓడితే మరో ఆరు నెలల్లో రెండో అప్పీలు రికార్డ్స్ కార్యాలయం ద్వారా పంపాలి. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్ రికార్డ్స్ సికింద్రాబాద్‌లో ఉన్నాయి. కాజీపేట జంక్షన్ నుంచి అక్కడికి రైలు దూరం 132 కిలోమీటర్లు. మద్రాస్ రెజిమెంట్ రికార్డ్స్ వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీవి నాసిక్‌లో ఉన్నాయి.

ఆ తరువాతి మెట్టు సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో ఏర్పడి 2009 ఆగస్టులో ప్రారంభమైంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ట్రిబ్యునల్ తీర్పులపై హైకోర్టులో రిట్ వేయవచ్చని 2023 మార్చిలో పరశోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ముఖ్య తీర్పులు

ధరంవీర్ సింగ్ కేసు (2013): చేరినప్పటి వైద్య పత్రంలో జబ్బు ప్రస్తావన లేకపోతే అది సేవ వల్లే వచ్చిందని భావించాలి, కాదంటే బోర్డు కారణాలు చూపాలి. చదునుపాదం, మడమ నొప్పి కేసుల్లో దరఖాస్తుదారుకు ప్రధాన ఆధారం ఇదే.

సుఖ్వీందర్ సింగ్ కేసు (2014): వైకల్యం వల్ల సేవ నుంచి పంపేస్తే అది 20 శాతానికి మించినదిగానే భావించాలి.

తర్సేమ్ సింగ్ కేసు (2008): వైకల్య పింఛను నిరాకరణ నెలనెలా కొనసాగే అన్యాయం కనుక ఆలస్యంగా వచ్చినా కేసు వినవచ్చు, బకాయిలు మాత్రం సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం.

కావలసిన పత్రాలు

డిశ్చార్జ్ బుక్, మెడికల్ బోర్డు పత్రాల ప్రతి, ఆస్పత్రి కేస్ షీట్లు, మెడికల్ కేటగిరీ తగ్గించిన ఉత్తర్వులు, ప్రమాదమైతే ఐఏఎఫ్‌వై-2006 ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ నివేదిక అవసరం. ప్రతి లేని పత్రాలను సమాచార హక్కు దరఖాస్తుతో రికార్డ్స్ నుంచి తెప్పించుకోవచ్చు. మంజూరైన పింఛను ‘స్పర్శ్’ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా అందుతుంది. పాదం కోల్పోయినవారికి 1944లో పుణెలో ఏర్పడిన సైనిక కృత్రిమ అవయవ కేంద్రం కృత్రిమ పాదాలు అమరుస్తుంది. రిటైరైనవారి చికిత్స 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం కింద జరుగుతుంది.