కడప నగరం: గృహ జనాభా

2011 జనగణన ప్రకారం కడప నగర జనాభా సుమారు 3.44 లక్షలు. 2001లో 1.26 లక్షలే. ఈ పెరుగుదలంతా కాన్పులదీ వలసలదీ అనుకోరాదు. 2004లో నగరపాలక సంస్థ ఏర్పడటంతో చుట్టుపక్కల పల్లెలూ లెక్కలోకి వచ్చాయి.

ఒకే వంటగదిలో వండుకుని కలిసి తినేవారంతా జనగణనకు ఒక గృహం. అన్నదమ్ములు ఒకే మిద్దెలో ఉన్నా పొయ్యిలు వేరైతే రెండు గృహాలే. కేంద్ర కారాగారం, హాస్టళ్లు వేరే పద్దు.

నివాసుల్లో హిందువులు అధికం, ముస్లింలు దాదాపు మూడో వంతు, క్రైస్తవులు కొద్దిమంది. మతాన్ని బట్టి ఇంటి భాషను ఊహించడం మాత్రం కుదరదు: చాలా ముస్లిం ఇళ్లలో తెలుగు కలిసిన దక్కనీ ఉర్దూ నడిస్తే, ముస్లింలలోనే దూదేకుల ఇళ్లలో తెలుగే. పండుగలూ మతాన్ని బట్టి విడిపోవు: ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలతో వస్తాయి. పెద్ద దర్గా ఉరుసుకు హిందువులూ వెళతారు.