కుక్క, సూటు, సిగరెట్టు

పాత గ్రామఫోను రికార్డులున్న ఇంట్లో పెరిగినవాళ్ళకి ఆ కుక్కని పరిచయం చెయ్యక్కర్లేదు. గొట్టం ముందు కూచుని, తల కాస్త పక్కకి వాల్చి, వింటూ ఉంటుంది. సంగీతకారుల పాత ఫొటోలలో కనిపించే వస్తువుల గురించి రాద్దామని కూచుంటే, అది ఫొటో కాకపోయినా, మొదట ఆ కుక్కే గుర్తొచ్చింది. బొమ్మలోని వస్తువుని ఎలా చదవాలో, ఎలా చదవకూడదో నాకు నేర్పింది అదే.

ఆ కుక్క పేరు నిప్పర్. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడి అన్నదమ్ములలో ఒకరు పెంచుకున్నది. ఆయన పోయాక బరో దగ్గరికి చేరింది. 1895లో చచ్చిపోయింది. ఆ తర్వాత బరో దాన్ని గుర్తుపెట్టుకుని బొమ్మ గీశాడు. 1899లో కొన్న గ్రామఫోన్ కంపెనీ చిత్రానికి యాభై, హక్కులకి యాభై, మొత్తం వంద పౌన్లు ఇచ్చింది. ఒక షరతు మీద. బొమ్మలో మొదట ఉన్నది ఎడిసన్ తరహా సిలిండర్ ఫోనోగ్రాఫు. దాన్ని చెరిపి తమ కంపెనీ యంత్రం గీయాలి. బరో గీశాడు. అసలు చిత్రాన్ని తగిన వెలుతురులో చూస్తే, పై రంగు కింద పాత యంత్రం ఇప్పటికీ ఆనవాలు పడుతుందట.

ఇందులో ఒక తిరకాసు ఉంది. సిలిండర్ యంత్రం మీద ఇంట్లోవాళ్ళు తమ గొంతు తామే రికార్డు చేసుకోవచ్చు. కాబట్టి చనిపోయిన యజమాని గొంతుని కుక్క వింటోందన్న కథ కుదురుతుంది. గ్రామఫోను అలా కాదు, కంపెనీ అచ్చేసిన పళ్ళేలని వినిపించడం మాత్రమే చేస్తుంది. యంత్రం మార్చగానే, బొమ్మ పేరులో ఉన్న 'యజమాని గొంతు' నిజానికి వినబడే వీలు లేకుండా పోయింది. ఎవరూ పట్టించుకోలేదు. మనమూ పట్టించుకోలేదు, కుక్క విశ్వాసాన్ని చూసి కరిగిపోయాం.

అప్పటినుంచి పాత బొమ్మ ఏది చూసినా 'ఈ వస్తువుకి అర్థం ఏమిటి' అన్నది రెండో ప్రశ్న అయింది నాకు. మొదటిది: దీన్ని ఇక్కడ పెట్టింది ఎవరు? మన ఊళ్ళ ఫొటో స్టూడియోలు గుర్తు చేసుకోండి. తోటా మెట్లూ గీసిన తెర, పూలకుండీ, ఎవరికి కావాలంటే వాళ్ళు తొడుక్కోవడానికి మేకుకి వేలాడే కోటు. ఆ కోటుని బట్టి మన తాతల ఆస్తి లెక్క కడితే ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్న లేకపోవడం వల్ల నేను బాగా పొరబడింది రాబర్ట్ జాన్సన్ విషయంలో. మిసిసిపీ బ్లూస్ గాయకుడు. 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేశాడు. 1938 ఆగస్టు 16న, 27 ఏళ్ళకే పోయాడు. 1961లో ఆ పాటలు ఎల్పీగా వచ్చినప్పుడు అట్ట మీద వెయ్యడానికి ఫొటో లేదు. పైనుంచి చూస్తున్నట్టు, గిటారు మీదికి వంగిన మనిషి బొమ్మ వేశారు. మొహం లేదు. ఆ ఖాళీలోకి ఒక కథ వచ్చి కూచుంది: నాలుగు దారుల కూడలిలో అర్ధరాత్రి దయ్యానికి ఆత్మని అమ్మి విద్య సంపాదించాడని.

ఆ తర్వాతెప్పుడో ఫొటోలు బయటికొచ్చాయి. ఒకటి మెంఫిస్‌లోని హుక్స్ బ్రదర్స్ స్టూడియోలో తీసింది, 1990లో వచ్చిన సంపూర్ణ సంకలనం అట్ట మీద ఉన్నది. సన్నగీతల సూటు, టై, పక్కకి వంచిన టోపీ, కాలు మీద కాలు, తళతళలాడే బూట్లు, ఒళ్ళో గిటారు. రెండోది నాణెం వేస్తే తనంతట తీసే ఫొటో బూత్‌లోది. మామూలు చొక్కా, పెదాల మధ్య సిగరెట్టు, కెమెరాని సూటిగా చూసే కళ్ళు.

దయ్యం కథ ముందే విని ఉన్నాను కాబట్టి ఆ టోపీ వంపులో, పొడుగాటి వేళ్ళలో, సిగరెట్టులో నాకు అదే కనిపించింది. ఇప్పుడు మొదటి ప్రశ్న వేసి చూస్తాను. హుక్స్ సోదరులు నల్లజాతివాళ్ళు, 1907లో స్టూడియో పెట్టారు. బయట పత్రికల్లో, ప్రకటనల్లో నల్లజాతి సంగీతకారుడంటే చింకిబట్టలు, బాంజో, వెకిలి నవ్వు. తను ఎలా కనపడాలో కూచున్న మనిషే నిర్ణయించుకోగల చోటు అలాంటి స్టూడియో. ఆ సూటు అతను కొన్నదా, అడిగి తెచ్చుకున్నదా అన్నది ఫొటో చెప్పదు. వేసుకోవాలనుకున్నాడన్నది చెబుతుంది. నాకు అది చాలు. అందులో దయ్యం లేదు, వృత్తి మీద గౌరవం ఉన్న పాటగాడున్నాడు.

బూత్ ఫొటోలో ఎదురుగా ఫొటోగ్రాఫర్ కూడా లేడు. సిగరెట్టు అతనిదే. గిటారు మెడ మీద శ్రుతి పెంచుకోవడానికి బిగించిన కేపో కూడా అతనిదే. అది అలంకారం కాదు, పనిముట్టు. 1994లో అమెరికా తపాలాశాఖ ఆ ఫొటో ఆధారంగా 29 సెంట్ల బిళ్ళ వేసినప్పుడు సిగరెట్టు తీసేసింది. బరో బొమ్మలో యంత్రం మారినట్టే. అక్కడ కంపెనీకి అమ్మకం కావాలి, ఇక్కడ ప్రభుత్వానికి మంచి నడవడిక కావాలి.

2008లో వానిటీ ఫెయిర్ పత్రిక మరో ఫొటో వేసింది. జాన్సనూ, అతని తోటి గాయకుడు జానీ షైన్సూ అన్నారు. నేరపరిశోధనలో మొహాలు గీసే నిపుణురాలు ఒకరు అవునని ధ్రువీకరించారు. జాన్సన్‌తో కలిసి తిరిగిన వృద్ధ సంగీతకారులు గుర్తుపట్టలేదు. మొహాలు పోల్చే సాఫ్ట్‌వేర్ కాదంది. నేను చేసేది ఆ పనే కనక మొదట సాఫ్ట్‌వేర్ మాటకే తలూపాను. కానీ నన్ను నిజంగా ఒప్పించింది చరిత్రకారులు బట్టల గురించి అడిగిన ప్రశ్న. ఆ కోటు కత్తిరింపు జాన్సన్ పోయిన తర్వాతి కాలానిదిలా ఉందన్నారు. అందరం మొహం కోసం వెతుకుతుంటే, వాళ్ళు దర్జీ పని చూశారు.

2020లో జాన్సన్ చెల్లెలి వరసయ్యే ఆనీ ఆండర్సన్ తన జ్ఞాపకాల పుస్తకం అట్ట మీద ఇంకో బూత్ ఫొటో వేశారు. అన్నేళ్ళూ ఆవిడ దగ్గరే ఉంది. చేతిలో గిటారు ఉంది. జాన్సన్ నవ్వుతున్నాడు.

ఆ రోజు అతని పాటలు మళ్ళీ పెట్టుకుని విన్నాను. భయంతో పాడాడనుకున్న చోట్ల కొంటెతనం వినిపించింది. పాట మారలేదు, అందులో దయ్యాన్ని పెట్టింది మాత్రం నేను.