గర్భిణియు మధుమేహమును

సింగరేణి బొగ్గు చరిత్రము మీ రెఱిగినదే. 1871లో విలియం కింగు ఇల్లెందు చెంత బొగ్గును గనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. 1961 ప్రాంతమున గనులు రామగుండమునకు వ్యాపింపగా గోదావరిఖని వర్ధిల్లెను. ఆ కాలముననే నడచిన వేఱొక చరిత్రమును నేడు విన్నవింతును. అది మధుమేహముగల గర్భవతుల చరిత్రము.

చరక సుశ్రుతులు ఈ వ్యాధి నెఱుగుదురు. కాని గర్భిణికది కలిగినచో చిరకాలము వైద్యులు నిస్సహాయులై యుండిరి. 1882లో లండను వైద్యుడు మాథ్యూస్ డంకన్ అట్టివారి వృత్తాంతములను సమకూర్పగా, తల్లులును శిశువులును పలువురు మరణించినట్లు తేలెను.

1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును గనుగొనిరి. తల్లులు బ్రదుకజొచ్చిరి, శిశుమరణములు మాత్రము చాలకాలము తగ్గలేదు. దీనికి గారణమును 1952 ప్రాంతమున డెన్మార్కు వైద్యుడు పెడర్సన్ వివరించెను. తల్లి రక్తమందలి చక్కెర మావిని దాటి శిశువును జేరును. తల్లి ఇన్సులిను దాటదు. అందుచే శిశువు క్లోమము అధికముగా ఇన్సులినును స్రవించును, శిశువు మితిమీఱి పెరుగును, కాన్పు కష్టమగును, పుట్టినంతనే బిడ్డ రక్తమున చక్కెర పడిపోవును. ఇన్సులిను సూది బిడ్డకు జెఱుపని భయపడువారికి ఇందే సమాధానము గలదు: చెఱుపు సూదివలన గాదు, చక్కెరవలన.

గర్భమున తొలిసారి పొడసూపు మధుమేహమునకు బాహ్యలక్షణము లంతగా నుండవు, పరీక్షించియే తెలిసికొనవలెను. చెన్నపురి వైద్యులు శేషయ్యగారు సులభమార్గము జూపిరి. పరగడుపు నక్కఱలేదు, 75 గ్రాముల గ్లూకోజును నీట గలిపి త్రాగించి, రెండుగంటలకు రక్తమున చక్కెర 140 మిల్లీగ్రాములు గాని, మించి గాని యున్నచో వ్యాధి యని గ్రహింపవలెను. 2014లో భారతప్రభుత్వ మీ పద్ధతినే స్వీకరించెను: తొలి దర్శనమున నొకసారి, అప్పుడు లేదని తేలినచో 24–28 వారముల నడుమ మఱియొకసారి.

గనుల యూళ్లలో దీని యవసరమును యోచింపుడు. ఇచ్చట పొయ్యి వెలుగుట షిఫ్టు ననుసరించియే. మొదటి షిఫ్టునాడు తెల్లవాఱకమున్నే సద్ది గట్టవలెను. రాత్రి షిఫ్టువారమున వేళలన్నియు దాఱుమాఱగును. అందఱు దినిన పిదప మిగిలిన యన్నమును ఇల్లా లొక్కమాఱుగా దినును. చికిత్సకు మొదటి మెట్టు మందు గాదు, వేళకు భోజనము. పస్తు పనికిరాదు, అన్నము మితముగ, పప్పు, కూర, గ్రుడ్డు తగినంతగ, పలుమాఱులు కొంచెము కొంచెముగ దినవలెను, కొంతసేపు నడువవలెను. రెండువారములకును, తినిన రెండుగంటల పిమ్మట చూచిన చక్కెర 120 లోపునకు రానిచో, వైద్యుడు మందో ఇన్సులినో యిచ్చును. కాన్పైన ఆఱువారములకు మరల పరీక్ష చేయించుకొనవలెను. ఈ తల్లులకు మున్ముందు మధుమేహము వచ్చు నవకాశ మధికము.

ఒకనాడు వైద్యులే చేతులెత్తివేసిన వ్యాధి నేడు వేళకు దినిన యన్నముచేతనే పెక్కండ్రకు లోబడుచున్నది. కావున గనికార్మిక సోదరులకు నా మనవి యొక్కటి: గర్భిణియున్న యింట మొదటి విస్తరి యామెకు వేయుడు.